పక్కసీటు బ్రేకు

కారు నేర్పే స్కూళ్ళ బళ్ళలో ఒక విశేషం ఉంటుంది. నేర్చుకునేవాళ్ళ కాళ్ళ దగ్గర ఉన్నట్టే పక్కసీటులో కూర్చునే మాస్టారి కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్చి బిగించి ఉంటాయి. శిష్యుడు తడబడితే గురువు తొక్కుతాడన్నమాట. మిగతా చదువుల్లో ఈ సదుపాయం లేదు. ఉండుంటే మనలో చాలామందిమి ఇన్ని గోడలకి గుద్దుకునేవాళ్ళం కాదు.

ఇది ఆ పక్కసీటులోనే వయసంతా గడిపేసిన ఒక మాస్టారి కథ. ఊళ్ళో అందరూ ఆయన్ని ఉత్తకాళ్ళ మాస్టారు అంటారు. కారెక్కగానే చెప్పులు విప్పి సీటు కిందికి తోసేస్తారు కాబట్టి ఆ పేరు. ఎందుకండీ అని ఎవరైనా అడిగితే "అన్నం పెట్టే బండి కదా, చెప్పులతో తొక్కడానికి మనసొప్పదు" అనేవారు. వినేవాళ్ళు ఆహా ఎంత భక్తి అనుకునేవారు. అసలు సంగతి వేరు. చెప్పు తగిలితే పెడలు టక్కుమంటుంది. ఉత్త పాదం అయితే పిల్లి నడిచినట్టు నడుస్తుంది. మాస్టారు బ్రేకు తొక్కిన సంగతి శిష్యులకి తెలియకూడదు, అదీ ఆయన పట్టుదల.

స్కూలంటే పెద్దదేం కాదు. టైర్ల కొట్టుకి ఎదురుగా, ఒక మేడమెట్ల కింద ఒంటిగది. గోడకి రోడ్డు గుర్తుల పటం, దాని అద్దానికి అడ్డంగా ఒక బీట. బల్ల మీద రంగులతో గీసిన నాలుగు రోడ్ల కూడలి, దాని మీద తిప్పి చూపించడానికి రెండు బొమ్మకార్లు. ఒకదానికి చక్రం లేదు. ఓనరు పిల్లికి బిచ్చం పెట్టే రకం కాదు కనుక అది అలాగే కుంటుతూ తిరిగేది. మాస్టర్లు ఇద్దరు. రెండో ఆయన్ని గసురు మాస్టారు అనేవారు. ఆయన బండి ఏ వీధిలో ఉందో తెలుసుకోవాలంటే చూడక్కర్లేదు, చెవి ఒగ్గితే చాలు.

ఉత్తకాళ్ళ మాస్టారు మాత్రం గొంతు పెంచి ఎరగరు. దానికి కారణం ఉంది. ఆయనకి బండి నేర్పింది మేనమామ, లారీ డ్రైవరు. మేనల్లుడు గేరు తప్పు వేస్తే చేతిలో పానా ఉంటే పానాతోనే వేళ్ళ మీద కొట్టేవాడు. విద్య వచ్చింది. కానీ ఆ తర్వాత ఎన్నో ఏళ్ళపాటు గేరు మీద చెయ్యి వేసినప్పుడల్లా వేళ్ళు వాటంతటవే ముడుచుకుపోయేవి. తన చేతి కింద నేర్చుకున్న ఒక్క మనిషికైనా ఆ భయం ఉండకూడదని ఆయన అప్పుడే అనుకున్నారు. అనుకున్నది నిలబెట్టుకున్నారు కూడా. మంచి మనసుతో చేసిన పనికి ఫలితం కూడా మంచిగానే ఉంటుందని మనం పిల్లలకి చెబుతుంటాం. చెప్పడానికి బాగుంటుంది.

ఆయన దగ్గరికి అన్ని రకాలవాళ్ళూ వచ్చేవారు. బొత్తిగా వినిపించని వడ్రంగి ఒకాయన వచ్చాడు. ఇంజను గొంతు మారడం వింటేనే కదా గేరు ఎప్పుడు మార్చాలో తెలిసేది, వీడికెలా నేర్పుతాం అని గసురు మాస్టారు చేతులెత్తేశాడు. మన మాస్టారు వడ్రంగి అరచేతిని గేరు మీద పెట్టి, ఊరికే బండి నడిపి చూపించారు. రంపం చెక్కలో బిగుసుకుంటే చేతికి తెలిసినట్టే ఇంజను బిగుసుకోవడం కూడా ఆ మనిషి చేతికి తెలిసిపోయింది. మందుల షాపులో పనిచేసే ఒక అమ్మాయికి కుడి ఎడమలు ఎంత చెప్పినా కలగాపులగం అయ్యేవి. మాస్టారు ఆ రెండు మాటలూ వాడటమే మానేసి "మీ వైపు", "నా వైపు" అనడం మొదలుపెట్టారు. రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన ఉండేవారు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. ఆయనకి ఏదైనా చెబితే కోపం. అందుకని మాస్టారు ఆయనకి ఏదీ చెప్పేవారు కాదు, అడిగేవారు. "సార్, ఇక్కడ రెండో గేరు వేస్తే బాగుంటుందంటారా?" అని. హెడ్మాస్టరుగారు కాసేపు ఆలోచించి, సరే వెయ్యొచ్చు అని అనుమతి ఇచ్చి, తనే వేసుకునేవారు.

వీళ్ళందరికీ మాస్టారు చెప్పే అబద్ధం మాత్రం ఒకటే. బండి దేనికో తగలబోతుంది. మాస్టారి పాదం చప్పుడు లేకుండా కిందికి దిగుతుంది. బండి ఆగుతుంది. శిష్యుడు గుండె పట్టుకుని పక్కకి చూస్తాడు. మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తూ "నేను ముట్టుకోలేదు. మీరే ఆపారు" అంటారు. ఆ మాటతో మనిషి మొహం వెలిగిపోతుంది. మర్నాటికి నిజంగానే తనే ఆపుతాడు. ఇన్నేళ్ళలో ఈ మందు వికటించింది లేదు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు కదా, మాస్టారివి చక్కగా అతికేవి.

అలాంటి మాస్టారి దగ్గరికి బొత్తాల పిన్ని వచ్చింది.

పిన్నికి యాభై దాటాయి. సందులో, తలుపంత వెడల్పు ఉన్న కొట్టు ఆమెది. గుండీలు, జిప్పులు, దారాలు అమ్ముతుంది. గోడ నిండా చిన్న చిన్న సొరుగులు, ఏ సొరుగులో ఏముందో తెలియడానికి దాని మొహాన ఒక బొత్తాం కుట్టి ఉంటుంది. ఊడిపోయిన చొక్కా బొత్తానికి జత కావాలని ఎవరొచ్చినా వాగుతూనే చెయ్యి వెనక్కి పెట్టి సరైన సొరుగు లాగుతుంది. మాట్లాడకుండా ఉండటం ఆమె వల్ల కాదు. పరాయివాళ్ళు కూడా రెండో మాటకే పిన్నీ అనేస్తారు.

ఆమె వెనకాలే, చెయ్యి పట్టుకుని, ఆమె భర్త వచ్చారు. పెద్దాయన ఒకప్పుడు కంపెనీ వ్యాను నడిపినవారు. షుగరు వల్ల చూపు మసకబారింది. తర్వాత కిడ్నీలు కూడా పోయాయి. రోజు విడిచి రోజు పెద్దాసుపత్రికి వెళ్ళి డయాలిసిస్ చేయించుకోవాలి. ఇంటి ముందు ఆయన పాత కారు పరదా కప్పుకుని పడి ఉంది, నడిపేవాళ్ళు లేరు.

"టాక్సీలో వెళ్తున్నాం మాస్టారూ ఇన్నాళ్ళూ," అంది పిన్ని, కుర్చీలో ఇంకా సరిగ్గా కూర్చోకుండానే. "తిరిగి వచ్చేటప్పుడు ఈయనకి కడుపులో తిప్పుతుంది. మొన్న దారిలో వాంతి అయింది. డ్రైవరు బండి ఆపి, దిగిపొమ్మన్నాడు. నడిరోడ్డు మీద, ఎండలో! కళ్ళు కనపడని మనిషిని పట్టుకుని, ఇంకో బండి దొరికేదాకా చెత్తకుండీ పక్కన నిలబడ్డాను. ఈయన ఆ చొక్కాతోనే నిలబడ్డారు. అప్పుడే అనుకున్నాను. ఇంకెవ్వరూ ఈయన్ని దింపెయ్యకూడదు. నాకు నేర్పండి. ఈ వయసులో వస్తుందా రాదా అని మాత్రం అడక్కండి, నాకు ఏడుపొస్తుంది."

"రాకపోవడానికి ఇదేమైనా సంగీతమా పిన్నిగారూ?" అన్నారు మాస్టారు.

పెద్దాయన్ని ఇంట్లో ఒంటరిగా వదలడం కుదరదు కనుక పాఠాలకి ఆయన కూడా వచ్చేవారు. వెనకసీటులో కూర్చుని, కళ్ళు మూసుకుని, ముందు కూర్చున్న ఇద్దరి మాటలూ వింటూ అప్పుడప్పుడూ ఓ చురక వేసేవారు. "మనం ఇంకా మన వీధిలోనే ఉన్నామా? నడిచి ఉంటే ఈపాటికి వచ్చేసేవాళ్ళం." పిన్ని అద్దంలో ఆయన్ని చూసి పళ్ళు నూరేది. మాస్టారికి ఆ పాఠమంటే ఇష్టం పట్టుకుంది. మిగతా పాఠాలన్నీ దాని కోసం తొందరగా అయిపోతే బాగుండుననిపించేది. ఇంటికెళ్ళి భార్యతో ఆ ముసలి జంట కబుర్లే చెప్పేవారు.

సమంగా ఉన్న రోడ్డు మీద పిన్ని బాగానే నడిపేది. సందుల్లో ఇంకా బాగా నడిపేది. సందులో బతికిన మనిషి కదా. చిక్కల్లా వంతెన దిగుడులో వచ్చింది. ఆసుపత్రికి వెళ్ళే దారిలో వంతెన ఎక్కి దిగాలి. దిగేచోట, ఎదురుగా లారీయో బస్సో అడ్డంగా కనిపించిందంటే పిన్ని రెండు కాళ్ళూ పెడళ్ళ మీంచి పైకి లేచిపోయేవి. చేతులు స్టీరింగు చక్రాన్ని కరుచుకునేవి. కాళ్ళు లేచిన సంగతి ఆమెకి తెలిసేది కాదు. బ్రేకు నొక్కుతున్నాననే అనుకునేది. బండి దొర్లుకుంటూ పోయేది. మాస్టారి పాదం దిగేది.

"మీరే ఆపారు పిన్నిగారూ."

"చూశారా!" అని వెనక్కి తిరిగేది పిన్ని. "ఏమండీ, విన్నారా? నేనే ఆపాను. ఎంత లారీ అనుకున్నారు, మేడంత ఉంది!"

"విన్నానే, విన్నాను," అనేవారు పెద్దాయన.

ఒకరోజు పాఠం మధ్యలో పిన్ని మందులు కొనడానికి బండి దిగింది. తలుపు పడిన చప్పుడు విని, ఆమె అడుగులు దూరమయ్యేదాకా ఆగి, పెద్దాయన ముందుకి వంగారు.

"మాస్టారూ, ముప్ఫై ఏళ్ళు వ్యాను తోలినవాణ్ణి. చూపు పోయింది గానీ నడుం ఇంకా పనిచేస్తోంది. మా ఆవిడ బ్రేకు వేస్తే నేను ముందు సీటుకి ముక్కు గుద్దుకుంటాను. మీరు వేస్తే కడుపులో చల్ల కదలదు. ఆ వంతెన దిగుడులో ఎప్పుడూ చల్ల కదలదు. ఏం?"

మాస్టారు తేలు కుట్టిన దొంగలా కూర్చుండిపోయారు. "ఆవిడకి కాస్త ధైర్యం వచ్చేదాకానండీ..." అన్నారు.

"ధైర్యం వచ్చేసిందండీ. బ్రేకే రాలేదు." పెద్దాయన గొంతులో కోపం లేదు. "మీ కాలు ఎప్పుడు తీస్తారు?"

"ఈ వారంలోనే తీసేస్తాను."

"తీసెయ్యండి. నేను చెప్పానని మాత్రం దానితో అనకండి. అది అలా మురిసిపోతుంటే వింటూ కూర్చోవడం నాకూ బాగానే ఉంది. అదే వచ్చిన చిక్కు."

మర్నాడు మాస్టారు కాలు తీశారు. వంతెన ఎక్కుతుండగానే రెండు పాదాలూ వెనక్కి లాగి సీటు కింద పెట్టుకున్నారు. దిగుడులో ఒక ఇసుక లారీ ఆగి ఉంది. పిన్ని కాళ్ళు లేచాయి. లారీ దగ్గరకొస్తోంది. ఇప్పుడు తొక్కుతుంది, ఇదిగో ఇప్పుడు తొక్కుతుంది అనుకుంటూ మాస్టారు చూశారు. లారీ వెనక వేలాడుతున్న గొలుసు కొక్కెం కూడా కనిపించాక ఆయన పాదం ఆయన్ని అడక్కుండానే వెళ్ళి బ్రేకు మీద పడింది. ఈసారి చల్ల కదిలింది. వెనక పెద్దాయన సీటుకి కొట్టుకున్నారు.

పిన్ని మొహం పాలిపోయింది. మాస్టారి వైపు తిరిగి, "నేనే... నేనే ఆపానా?" అంది.

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఎవరికి దొరుకుతుంది? లేదమ్మా, నేనే ఆపాను, మీ కాళ్ళు గాల్లో ఉన్నాయి, చూసుకోండి, ఇప్పుడు మళ్ళీ పైకి వెళ్ళి ఇంకోసారి దిగుదాం. ఇంతే చెప్పాల్సింది. మాస్టారు నోరు తెరిచారు కూడా. కానీ ఆ మొహం చూశారు. ఆయనకి పానా దెబ్బలు గుర్తొచ్చాయో, ఇన్నేళ్ళ అలవాటు నాలుక మీద ముందే కూర్చుందో.

"మీరే," అన్నారు.

వెనకసీటులో పెద్దాయన ముక్కు రుద్దుకున్నారు.

అంతలో లైసెన్సు పరీక్ష వచ్చిపడింది. పరీక్ష పెట్టే మైదానం అరచేతిలా చదునుగా ఉంటుంది. పిన్ని ఎనిమిది అంకె తిప్పింది, వెనక్కి నడిపింది, గీత మీద ఆపింది. ఇన్‌స్పెక్టరు తల ఊపాడు. బండి దిగి ఆమె చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. పెద్దాయన కనిపించని కళ్ళు తుడుచుకున్నారు. పిన్ని సంచీలోంచి సూదీ దారం తీసి, "ముందు ఆ చొక్కా ఇటివ్వండి మాస్టారూ. మీ రెండో బొత్తాం వేరే రంగు, ఇన్నాళ్ళూ చూడలేక చచ్చిపోయాను" అని, అక్కడే మైదానం గట్టు మీద కూర్చుని, జత బొత్తాం కుట్టి ఇచ్చింది. బనీనుతో నిలబడ్డ మాస్టారిని చూసి గసురు మాస్టారి శిష్యులు కూడా నవ్వారు. ఆ ఆనందంలో చేదు కలపడం ఎవరి తరం? "పిన్నిగారూ, ఆసుపత్రికి వంతెన మీంచి వద్దు, చుట్టుదారిలో వెళ్ళండి. అటు రద్దీ తక్కువ," అన్నారు మాస్టారు. అంతవరకే అన్నారు. పెద్దాయన ఆ మాట విని తలెత్తి, మాస్టారి గొంతు వచ్చిన వైపు చాలాసేపు మొహం పెట్టి ఉంచారు.

చుట్టుదారిలో పిన్ని కొన్ని నెలలు తన మొగుణ్ణి తీసుకెళ్ళి తీసుకొచ్చింది. వాంతి అయితే బండి పక్కకి ఆపి, వీపు నిమిరి, నీళ్ళిచ్చి, మళ్ళీ బయల్దేరేది. ఎవరూ ఎవర్నీ దింపెయ్యలేదు. టైర్ల కొట్టు ముందు నుంచి వెళ్ళేటప్పుడు ఓ హారను కొట్టేది. మాస్టారు ఎక్కడున్నా చెయ్యెత్తేవారు. ఆ దిగుడు సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఈ ఆదివారం వెళ్ళి ఆవిణ్ణి ఓసారి అక్కడికి తీసుకెళ్ళాలి అనుకునేవారు.

ఒకరోజు చుట్టుదారిలో నీటి గొట్టాల కోసం రోడ్డు తవ్వేశారు. పిన్ని బండిని వంతెన వైపు తిప్పింది. భయపడలేదు. ఎందుకు భయపడుతుంది? ఆ దిగుడులో ఎన్నోసార్లు తనే ఆపింది కదా.

తర్వాత జరిగింది మాస్టారికి టైర్ల కొట్టతను చెప్పాడు. పిన్ని కారు దిగుడులో ఆగి ఉన్న బస్సుని వెనకనుంచి కొట్టిందట. పిన్నికి మణికట్టు విరిగింది. పెద్దాయనకి ఛాతీ మీద దెబ్బ. మాస్టారు చెప్పుల్లేకుండానే ఆసుపత్రికి పరిగెత్తారు. పెద్దాయన ఉన్న గది ముందు బెంచీ మీద కూర్చున్నారు. నర్సు వచ్చి "మీరు ఆయనకి ఏమవుతారు?" అని అడిగింది. "తెలిసినవాణ్ణి" అన్నారు. "తెలివిలోనే ఉన్నారు, మాట్లాడుతున్నారు, కావాలంటే వెళ్ళి చూడండి" అంది. మాస్టారు లేచారు, తలుపు దాకా వెళ్ళారు. లోపల పిన్ని గొంతు వినిపించింది. అక్కణ్ణుంచే వెనక్కి తిరిగారు. ఇంటికొచ్చేశారు. ఆ రోజు లోపలికి వెళ్ళి ఉంటే ముగ్గురి మధ్యా మాట తేలిపోయేది. పెద్దాయన ఒక్క ముక్క చెప్పి ఉండేవారు. అసలే అరిగిపోయిన ఒళ్ళు, వారం తిరక్కుండానే ఆయన పోయారు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో మాస్టారు ఆ తర్వాత చూపించారు. పాఠాల్లో బ్రేకు తొక్కిన ప్రతిసారీ "ఇది నేను, మీరు కాదు" అని చెప్పడం మొదలుపెట్టారు. చెప్పే తీరు తెలియదు పాపం, ఇన్నేళ్ళూ చెప్పలేదు కదా. బల్ల గుద్దినట్టు చెప్పేవారు. ఒక కాలేజీ అమ్మాయి ఏడ్చి, గసురు మాస్టారి బండిలోకి మారిపోయింది. అరుపులైనా నయం అందట. ఓనరు గదిలోకి పిలిచి, "ఏమైంది మీకు? వంతెన సంగతి మనసులో పెట్టుకున్నారా? మన బండి కాదు, మన బ్రేకు కాదు. నోరు మూసుకుని పని చూసుకోండి" అన్నాడు.

ఇంట్లో, సంగతంతా విని ఉన్న భార్య అంతకంటే సూటిగా మాట్లాడింది. కంచం ముందు ఆయన చెయ్యి కదలకపోవడం చూసి చూసి, ఒక మధ్యాహ్నం ఆ కంచం తీసేసింది.

"ఆవిడ కొట్టు తియ్యడం లేదట. తలుపేసుకుని తనని తనే తిట్టుకుంటోందట. మీరిక్కడ మెతుకులు కెలుకుతూ కూర్చుంటే ఆవిడకేం ఒరుగుతుంది? వెళ్ళి చెప్పండి."

"చెబితే ఊరుకుంటుందా?"

"ఊరుకోదు. తిడుతుంది. కొడితే కొట్టించుకోండి. మీ ఉద్యోగం పోతే పోనీ. ఆవిడ మోస్తున్న బరువు మీది కాదూ?"

మాస్టారు ఆ సాయంత్రమే వెళ్ళారు. పిన్ని చెల్లెలు తలుపు తీసి లోపలికి రమ్మంది. ముందుగదిలో పిన్ని గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. చేతికి కట్టు ఇంకా ఉంది. ఊరంతా వాగే మనిషి, మాస్టారిని చూసి తల మాత్రం ఊపింది. ఆయన కూర్చోగానే తనే మొదలుపెట్టింది.

"ఒక మాట అడుగుతాను మాస్టారూ. మీరైతేనే చెప్పగలరు. ఆ దిగుడులో నేను ఎన్నిసార్లు ఆపాను?"

మాస్టారు నోరు తెరిచేలోపే తనే జవాబు చెప్పుకుంది.

"ప్రతిసారీ ఆపాను. మీరే చూశారు. లారీ వచ్చినా ఆపాను, బస్సు వచ్చినా ఆపాను. మరి ఆ రోజు నా కాలికి ఏమైంది? బస్సు కనిపిస్తూనే ఉంది. ఆయనకి కనపడకపోయినా తెలిసిపోయింది. నా పక్కన కూర్చుని రెండు కాళ్ళతో కింద మ్యాటు మీద నొక్కుతూనే ఉన్నారు, అక్కడేదో ఉన్నట్టు. 'ఆపవే, ఆపవే' అన్నారు. నేను ఆపలేదు." ఆమె గొంతు తగ్గించింది, చెల్లెలికి వినపడకుండా. "ఆపడం వచ్చిన మనిషి ఆపలేదంటే అర్థమేమిటి మాస్టారూ? మంచం మీద పడి ఇదే ఆలోచిస్తున్నాను. ఆసుపత్రికి తిప్పి తిప్పి, ఆ వాంతులు ఎత్తి ఎత్తి, నా లోపల ఎక్కడో విసుగొచ్చేసిందా? ఈయన పోతే బాగుండునని నాకు తెలియకుండానే నేను... అందుకే నా కాలు..."

"పిన్నిగారూ!" మాస్టారి గుండెల్లో రాయి పడింది. తిట్టు కోసం, దెబ్బ కోసం సిద్ధపడి వచ్చారాయన. దీని కోసం కాదు. "అలా అనకండి. మీరు ఎప్పుడూ ఆపలేదు. ఆ దిగుడులో ఒక్కసారి కూడా మీరు ఆపలేదు. నేను ఆపాను. నా కాళ్ళ దగ్గర కూడా బ్రేకు ఉంటుందని మీకు తెలుసు కదా. ప్రతిసారీ మీ కాళ్ళు పైకి లేచిపోయేవి. నేనే తొక్కి, మీరే ఆపారని అబద్ధం చెప్పాను. మీకు అక్కడ ఆపడం రానే రాదు. రాని పని చెయ్యలేకపోయారు, అంతే. మీ మనసులో ఏ పాపమూ లేదు. తప్పంతా నాది."

ఒక్క గుక్కలో చెప్పేసి ఆయన తల వంచుకున్నారు.

పిన్ని ఆయన్నే చూసింది. ఆమె మొహం మెల్లిగా మెత్తబడింది. పెద్దాయన పోయిన తర్వాత మొదటిసారి ఆమె పెదవుల మీద నవ్వులాంటిది కనిపించింది.

"మీరు మారరు మాస్టారూ," అంది.

"ఏంటి?"

"మొదటి రోజు బండిని మురిక్కాలవలోకి దించాను. రోడ్డే ఇరుకు అన్నారు. మా వీధి కుక్క మీదికి పోనిచ్చాను. కుక్కదే తప్పు అన్నారు. నన్ను ఒక్క మాట అనడానికి మీకు నోరు రాదు. ఇప్పుడు కూడా, ఇంత జరిగాక కూడా, నెత్తిన వేసుకోవడానికి వచ్చారు."

"అది వేరు, ఇది వేరు. నిజం చెబుతున్నాను. ఒట్టు."

"మీ కాలు కదిలితే నాకు తెలియదా? పక్కనే ఉన్నానుగా. చిన్న చప్పుడైనా వినపడేదిగా."

"చప్పుడు రాకూడదనే కదా నేను చెప్పులు విప్పేది! పెద్దాయనకి తెలుసు పిన్నిగారూ. మీరు మందులకి దిగినప్పుడు నాతో అన్నారు. నడుముతో కనిపెట్టేశారు. కాలు ఎప్పుడు తీస్తారని అడిగారు."

పిన్ని కళ్ళలో ఒక్క క్షణం ఏదో కదిలింది. అంతలోనే ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఆయన నా దగ్గర ఏదీ దాచేవారు కాదు. కూరలో ఉప్పు ఎక్కువైతే కూడా చెప్పేసేవారు. ఇంత మాట కడుపులో పెట్టుకుని రోజూ నా పక్కన కూర్చుంటారా? పోయినాయన్ని కూడా సాక్ష్యానికి తెచ్చారా మాస్టారూ నా కోసం!" ఆమె బాగున్న చేతితో కళ్ళు ఒత్తుకుంది. "మీది దొడ్డమనసు. కానీ ఓదార్పు కోసం ఇంత అబద్ధం వద్దు. వింటుంటే ఇంకా భయం వేస్తోంది."

మాస్టారు లేచి నిలబడ్డారు. జీవితంలో ఎన్నడూ ఏ శిష్యుడి మీదా అరవని మనిషి, ఆ చిన్న గదిలో గొంతు చించుకుని అరిచారు. "నేను నేర్పలేదు! మీకు నేను నేర్పలేదు! ఒక్కసారి నా మాట నమ్మండి!"

వంటింట్లోంచి చెల్లెలు పరిగెత్తుకొచ్చింది. పిన్ని బెదరలేదు. ఆయన ఒణికిపోతుంటే చూసి జాలిపడింది. మంచినీళ్ళు తెమ్మని చెల్లెలికి చెప్పి, తనే అందించి, తాగేదాకా పక్కన నిలబడింది. బండి నేర్చుకునే రోజుల్లో ఆమె చేతులు వణికితే ఆయన కూడా అలాగే బండి పక్కకి ఆపించి, నీళ్ళ సీసా ఇచ్చి, తొందరేం లేదు అనేవారు.

"తొందరేం లేదు, నెమ్మదిగా తాగండి," అంది పిన్ని.

వీధి గుమ్మం దాకా వచ్చి సాగనంపింది. "మళ్ళీ రండి మాస్టారూ, ఆయన గురించి మాట్లాడుకోవడానికి నాకు మీరు తప్ప ఎవరున్నారు? కానీ ఆ మాట మాత్రం ఎత్తకండి. ఎవరడిగినా నేను ఒకటే చెబుతాను. మీరు బాగానే నేర్పారు. నాకు బాగానే వచ్చింది. వచ్చి కూడా నేనే ఆపలేదు."